నా గొంతు తీసేసి మాబు గొంతు ఉంచాను

ఏడేళ్లు ఒక మనిషి నా తప్పును తన పేరు మీద మోశాడు. ఎవరి తప్పు మోస్తున్నాడో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

తింటున్నా, బస్సెక్కుతున్నా ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. అయినా మన దేశానిది కాని నంబరు కనిపిస్తే ఎత్తను. కువైట్ నుంచేమో అని. మోగి మోగి ఆగేదాకా తెరవైపే చూస్తూ కూర్చుంటాను. ఏ మోసగాళ్లదో, తప్పు నంబరో అయుంటుంది. అయినా అంతే. మా రూమ్మేట్ అడిగితే కసిరాను. కసరడం నాకు బాగా వచ్చు. భయమేసిన ప్రతిసారీ నాకు కోపమే వస్తుంది. ఆ సంగతి నాకు అర్థమైంది ఈ మధ్యే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను. జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో ఉంటుంది, అంతవరకు చాలు.

నేను హైదరాబాదులో పెరిగాను. మా నాన్నది ఆ ఊరు. నాన్న చదువుకుని బయటపడ్డాడు. ఆయన అక్క ఓబులమ్మత్త అక్కడే ఉండిపోయింది. ఊళ్లో రెండు వర్గాలు. ఎందుకు మొదలైందంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. మా మామను, అంటే అత్త భర్తను, పొలం దగ్గర చంపారు. ఏడాది తిరక్కముందే అవతలి వర్గంలో ఒకతను పోయాడు. ఆ రెండో కేసులో అత్త కొడుకు సుధాకర్ బావ పేరుంది. ఆ రోజు బావ అక్కడ లేడని అత్త అంటుంది. నేను బావను ఎప్పుడూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు, అడిగే హక్కు అంతకన్నా లేదు.

బెయిలు మీద వచ్చాక కూడా బావ ఊళ్లో అడుగు పెట్టలేకపోయాడు. పులివెందులలో అరటిమండీలో గెలలు మోస్తూ ఉండేవాడు. అప్పుడు పులివెందుల నుంచే ఒక పెద్దమనిషి వచ్చి రాజీ కుదిర్చాడు. అలాంటి రాజీ గురించి నేను అప్పటిదాకా వినలేదు. ముందు మా అత్త కోర్టులో నిలబడి, తన భర్తను చంపినవాళ్లను చూడలేదని చెప్పాలి. తర్వాతి వాయిదాలో అవతలివాళ్ల సాక్షి వచ్చి, సుధాకర్‌ను చూడలేదని చెప్పాలి. రెండు కేసులూ పోతాయి. రెండిళ్ల మగవాళ్లూ ఊరికొస్తారు. అక్కడ కత్తులు దించడమంటే అదే. ముందు దించేది మా అత్త. రెండు వాయిదాలకూ నడుమ కొన్నాళ్ల ఖాళీ. అందరి బతుకులూ ఆ ఖాళీలో వేలాడుతున్నాయి. అప్పుడు నాకు అది కనబడలేదు.

డిగ్రీ సెలవులు. కోర్టుకు అత్తకు తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని నాన్న నన్ను పంపాడు. ప్రొద్దుటూరు బస్టాండులో దిగితే మాబు ఆటోతో నిలబడి ఉన్నాడు. మాబు ఇల్లు అత్త ఇంటికి ఎదురుగా. మామ పోయాక అత్తకు సరుకులు తెచ్చేదీ, ఆస్పత్రికి తీసుకుపోయేదీ ఆయనే. అత్తను ఒదినా అనేవాడు. నన్ను పాపా అనేవాడు. దారి పొడుగునా నా ఫోన్ మీద జోకులేస్తూనే ఉన్నాడు. ఫోన్ కిందపెడితే నాకు ఊపిరి ఆడదా అన్నాడు. నవ్వాను కూడా.

కోర్టుకు ముందురోజు సాయంత్రం అత్త తిన్నె మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. మనసులో మండుతోంది. అడిగేశాను.

“నువ్వు చూశావు కదా అత్తా?”

“చూసినా. కండ్లారా చూసినా.” ఒలిచే చెయ్యి ఆగలేదు. ఎవరు పట్టుకున్నారో, ఎవరు నరికారో పేర్లతో చెప్పింది. కూరగాయల పేర్లు చెప్పినట్టు చెప్పింది.

“మరి రేపు చూడలేదని ఎట్లా చెప్తావు?”

“నోటితో చెప్తా.”

“మామకు అన్యాయం కాదా?”

“మీ మామ పోయినాడు. ఆయప్పకు న్యాయం తెచ్చి యాడ పెట్టుకోల్ల? పటానికి ఎయ్యల్నా? కొడుకు బతికుండాడు. వాడు ఈ తిన్నె మీద కూసోని నా చేతి సంగటి తినల్ల. నాకు ఇంకేం వద్దు.”

“భయపడుతున్నావు నువ్వు.”

“ఔ, పడతాండా. నువ్వు పడవులే. నీదేం పోలేదు గాబట్టి నీకు న్యాయం కావల్ల.”

అప్పుడే మాబు వచ్చి గడప దగ్గర నుంచి, “ఒదినా, ఇన్ని మంచినీళ్లు ఈయి,” అన్నాడు. అత్త లేచి లోపలికి పోయింది.

ఇదంతా నా ఫోన్‌లో రికార్డయింది. ‘చూసినా’ అని అత్త రెండోసారి అన్నప్పుడు నా వేలు దానంతట అదే వెళ్లి నొక్కింది. దానంతట అదే అంటున్నాను చూడండి. వేలు నాది కాదన్నట్టు.

మర్నాడు కోర్టులో అత్త చెప్పింది. నేనా పొద్దు ఇంట్లో ఉండాను, ఏమీ చూడలేదు అంది. గొంతు వణకలేదు. బయటికొచ్చాక కోర్టు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాం. మామను చంపినవాళ్లలో ఒకడు, ముందురోజు అత్త చెప్పిన పేర్లలో ఉన్నవాడే, టీ గ్లాసు తెచ్చి అత్త చేతికి ఇచ్చాడు. బాగుండావా అక్కా అన్నాడు. అత్త ఊఁ అని గ్లాసు తీసుకుంది. తాగింది.

నాకు ఒళ్లు తెలియలేదు. చంపినవాడి చేతి టీ తాగుతావా అని అందరిముందూ అరిచాను. పులివెందుల పెద్దమనిషి మెల్లగా, “ఏందమ్మా ఓబులమ్మా, మీ పట్నం పాప సినిమాలు శానా చూసినట్టుండాదే,” అన్నాడు. నవ్వులు. రెండు వర్గాలవాళ్లూ కలిసి నవ్వారు. ఎన్నేళ్ల తర్వాతో వాళ్లు కలిసి నవ్వడం అదే మొదలేమో, నా మీద. అత్త నన్ను పోయి ఆటోలో కూర్చోమంది. మాబు కూడా నవ్వాడు. చిన్న నవ్వే. గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను చూశాను.

ఆటోలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఫోన్ తీశాను. రీల్స్ కత్తిరించే చేతికి ఎంతసేపు? నా ప్రశ్నలన్నీ తీసేశాను. ‘నీదేం పోలేదు’ అన్న మాటా తీసేశాను. అత్త చెప్పిన పేర్లు ఉంచాను. చివర్లో మాబు నీళ్లడిగిన ముక్క ఉంది. దాన్ని తీయలేదు. ఇంకొకళ్ల స్టోరీలు దొంగతనంగా చూడడానికి నాకొక దొంగ అకౌంటు ఉండేది. అందులోంచి జమ్మలమడుగు కబుర్లు పెట్టే ఒక పేజీకి పంపాను. ఆ వెంటనే అకౌంటు తీసేశాను.

న్యాయం కోసం పంపానని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. న్యాయం కోసమైతే నా గొంతు ఎందుకు తీశాను? నన్ను తీసేసుకోవడం గుర్తున్నదాన్ని, మాబును తీయడం ఎట్లా మరిచిపోయాను? మరిచిపోయానా? ఆ ముక్క ఉండగా ఇంకొకసారి విన్నాను. వినే పంపాను. ఇంతకన్నా లోపలికి తవ్వితే అక్కడ ఏముందో నాకు తెలుసు. ఒక చిన్న నవ్వు ఉంది.

సాయంత్రానికి అది ప్రతి ఫోన్‌లోనూ ఉంది. అవతలివాళ్లకు అర్థమైంది ఒకటే. ఓబులమ్మ తన మాటలు రికార్డు చేయించి దాచిపెట్టుకుంది, మన సాక్షి మాట మార్చి కేసు పోగొట్టుకున్నాక అవి బయటికి తీస్తుంది. ఆ రికార్డు చెల్లదని లాయరు చెప్పాడట. ఎవరికి కావాలి లాయరు మాట? తర్వాతి వాయిదాలో వాళ్ల సాక్షి సుధాకర్ బావను పేరుపెట్టి చూపించాడు. బావకు యావజ్జీవం పడింది. అత్త తన భర్త కేసు వదులుకుంది, కొడుకును పోగొట్టుకుంది. రెండూ.

రికార్డులో మాబు గొంతు ఉంది కాబట్టి మాబే చేశాడన్నారు. అవతలివాళ్ల దగ్గర దుడ్లు తీసుకున్నాడన్నారు. ఆటో ఎవరూ ఎక్కలేదు. తర్వాత అద్దాలు పగిలాయి. భార్యనూ కూతుర్నీ ప్రొద్దుటూరులో పెట్టి ఆయన కువైట్ పోయాడు. ఆ సాయంత్రం తను మాట్లాడింది నాతోనేనని అత్తకు గుర్తులేదా? కోర్టుకు ముందు పది రోజులూ అవే మాటలు ఎందరితోనో అన్నది, నిజమే. కానీ ఊరు విడిచి వచ్చేరోజు అత్త నా చేతిలోని ఫోన్ వైపు చూసింది. ఏమీ అడగలేదు. తమ్ముడి కూతుర్ని కదా.

ఇప్పుడు నేను యుద్ధాల గురించి వీడియోలు చేస్తాను. శ్రీలంక, కొలంబియా, లెబనాన్, నేపాల్. ఎందుకు ఈ పనిలో పడ్డానో ఎవరైనా అడిగితే ఆసక్తి అంటాను. ఇద్దరూ ఆపాలనుకున్నా అంతర్యుద్ధం ఎందుకు ఆగదు అని ఒక వీడియో చేశాను. ఆయుధం ముందు దించినవాడు అవతలివాడికి దొరికిపోతాడు, అవతలివాడు మాట తప్పడని పూచీ ఇచ్చేవాడు ఉండడు, ఆ నడిమి రోజుల్లో చిన్న అనుమానం చాలు అని చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. అటు సైన్యానికీ ఇటు తిరుగుబాటుదార్లకూ పేర్లు అందించినవాళ్లలో చాలామంది సిద్ధాంతం కోసం అందించలేదు, పక్కవాడి మీద కోపం తీర్చుకోవడానికి అందించారు, పెద్ద యుద్ధం వాళ్ల చిన్న కోపానికి మంచి ముసుగైంది అని. ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్లు పక్కకు పోయాయి. ఆ ముక్క కత్తిరించేశాను.

ఆ వీడియో కింద మాబు రాశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. శానా బాగా చెప్పినావు పాపా, మనూర్లో జరిగింది అచ్చం ఇదే గదా, అని. తర్వాత విడిగా ఒక మెసేజ్. వీసా అయిపోయిందట, వచ్చేస్తున్నాడట. ఊళ్లో ఉండడానికి కాదట, ఒక్కసారి ఓబులమ్మొదిన ముందర తలెత్తుకొని నిలబడితే చాలట. “నువ్వు చెప్తే ఇంటాది పాపా. నువ్వు ఆ ఇంటిదానివి. నీకు అబద్ధం చెప్పే పని లేదు గదా.”

ఫోన్ పట్టుకుని ఎన్ని రోజులు తిరిగానో. ఆయన మీద కూడా కోపం వచ్చింది, నన్నే ఎందుకు అడగాలి అని. రాస్తాను, చెరిపేస్తాను. సారీ అని మొదలుపెడితే అది నా ఊరట కోసం అడుగుతున్నట్టుంది. కారణాలు చెబితే మళ్లీ నేను గెలవడానికి చూస్తున్నట్టుంది. చివరికి అవన్నీ తీసేసి పంపాను. పంపింది నేనే మాబన్నా. నీ గొంతు తీయకుండా ఉంచింది కూడా నేనే.

చూశాడు. గుర్తు కనిపించింది. తిడతాడనుకున్నాను. ఎందుకు చేశావంటాడనుకున్నాను. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

“పీర్ల చావిడి కాడ ఆ పొద్దు నువ్వుండావా?” అని అడిగాడు. అంతే.

ఇక్కడిదాకా మీకు అన్నీ చెప్పాననుకున్నారు. ఇది దాటేశాను. దాటేసి వెళ్లిపోదామనే అనుకున్నాను.

నేను హైదరాబాదు బస్సెక్కే ముందురోజు మాబును పీర్ల చావిడి దగ్గరికి పిలిపించారు. ఊరు ఊరంతా చేరింది. పీర్ల ముందర ప్రమాణం చెయ్యమన్నారు. ఆయన కూతురు రెండో తరగతి చదువుతోంది, బడి యూనిఫాంలోనే ఉంది. ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, నేను చెయ్యలేదు, చేసుంటే ఈ బిడ్డ నాకు దక్కదు అన్నాడు. ఎవరూ నమ్మలేదు. బిడ్డ తల మీద కూడా అబద్ధం చెప్తాండాడే అని ఎవరో అన్నారు. ఆ పిల్ల తలెత్తి తండ్రి మొహం వైపు చూసింది. ఆయన జనంలో ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు, ఎవరైనా ఒక మాట అంటారేమోనని. నా దగ్గరికి వచ్చేసరికి నేను తల వంచుకుని ఫోన్ చూస్తున్నాను. తెర మీద ఏమీ లేదు.

నేను జనం వెనక నిలబడ్డాను, కాబట్టి ఆయనకు కనిపించానో లేదో ఈ రోజుకీ తెలియదు. లేనని రాయొచ్చు. అప్పటికే బయల్దేరానని రాయొచ్చు. ఆయన నమ్ముతాడు కూడా. ఆ క్షణంలో కూడా నాకు ఆ ఆలోచన వచ్చిందని మీకు చెప్పాలి.

అత్తకు ఇంకా చెప్పలేదు. రేపు జమ్మలమడుగు వెళుతున్నాను, తలుపు తీస్తుందో లేదో. కడప జైలుకు వెళ్లి బావ ముందు ఏమని నోరు తెరవాలో తెలియదు. మాబు నుంచి మళ్లీ ఏమీ రాలేదు. రావాలని నేను అడగకూడదు.

ఆయనకు రాసింది మాత్రం ఇదే.

ఉన్నాను మాబన్నా. అక్కడే ఉన్నాను. అంతా చూశాను.