దేవదానం గారి పన్ను

మొన్న రామచంద్రపురం బస్సులో పక్క సీటామె పంటి మీద లవంగ నూనె దూది పెట్టుకుని కూర్చుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు కాకినాడలో మేం పాటలు రికార్డు చేసే స్టూడియో, అందులో శాక్సోఫోన్ మెడలో వేసుకుని గోడకు ఆనుకున్న దేవదానం గారు గుర్తొచ్చారు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. ఒంట్లో బాగున్నా లేకున్నా పాటకు వెళ్ళక తప్పని నాలాంటి వాళ్ళకు ఆయన గుర్తు రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

నేను కోరస్ పాడేదాన్ని, ఇప్పటికీ అదే పని. ఆయన చరణాల మధ్య బిట్లు వాయించేవారు. పొద్దున్న ద్రాక్షారామం భీమేశ్వరుడి పాట, మధ్యాహ్నం క్రిస్మస్ పాట. దేనికైనా ఆయనది ఒకటే శ్రద్ధ. ఆదివారం మాత్రం చర్చిలో తప్ప ఎక్కడా వాయించేవారు కాదు. కుర్రతనంలో విశాఖపట్నంలో ఏదో హోటల్లో జాజ్ వాయించారట. కరెంటు పోయి అందరం చెమటలు కక్కుతూ కూర్చుంటే, కళ్ళు మూసుకుని శాక్సోఫోన్ ఊదుతూ తన పాటికి తాను ఎక్కడెక్కడో తిరిగొచ్చేవారు. ఒకసారి "ఇదేం పాటండి మాస్టారూ?" అని అడిగాను.

"పాట కాదమ్మా, జాజు. పెళ్ళిలో ఇది వాయిస్తే భోజనం పెట్టకుండా పంపేస్తారు," అన్నారు. కరెంటు రాగానే రాసిచ్చిన నాలుగు స్వరాల దగ్గరికి వచ్చేశారు.

ఒక ఏడాది సరిగ్గా క్రిస్మస్ పాటల సీజన్‌కి ఆయన ముందు పన్ను ఊగడం మొదలైంది. శాక్సోఫోన్‌ని పై పళ్ళ కింద ఆనించి పట్టుకోవాలి. పన్ను పోతే పట్టు పోతుంది, పట్టు పోతే పని పోతుంది. ఆయనకు వేరే పని రాదు. డాక్టరు తీసేయాలన్నా వినకుండా, లవంగ నూనెతో సీజనంతా నెట్టుకొచ్చారు. పై స్వరం వచ్చినప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సంగీతం చేసే రాంబాబు గారు అది భక్తి అనుకుని మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

సీజనయ్యాక ఆ పన్ను తీయించి కట్టుడు పన్ను పెట్టించుకున్నారు. తర్వాత చాలాకాలం కనబడలేదు. ఆయన బిట్లు రాంబాబు గారు కీబోర్డు మీదే కానిచ్చేస్తున్నారు. చూసొద్దామని ఇంటికి వెళ్తే, అరవై దాటిన మనిషి కొత్తగా నేర్చుకునేవాడిలా ఒకే స్వరం పట్టుకుని ఊదుతున్నారు. అది బొంగురుపోయిన పిల్లి అరిచినట్టుంది. నాకు ఏడుపొచ్చింది.

"కట్టుడు పన్ను మీద పట్టు చాలడం లేదు, పై స్వరాలు ఇక రావమ్మా. కిందవి వస్తున్నాయి. ఉన్నవాటితోనే కానిద్దాం," అన్నారు.

ఎండాకాలంలో స్టూడియోకి వచ్చి అందరి ముందూ చెప్పేశారు. "రాంబాబు గారూ, నాకు పై స్థాయి పోయిందండి. కిందికి రాసిస్తే వాయిస్తాను. కుదరదంటే చెప్పేయండి, ఏమీ అనుకోను."

మా పనిలో జలుబు చేసినా దాచుకుని పాడతాం. రాదని నోటితో ఒప్పుకున్నవాళ్ళను మళ్ళీ పిలవరు. రాంబాబు గారు "రేపు రండి, తిరగరాస్తాను," అన్నారు. మర్నాడు దేవదానం గారు వాయించింది కొద్దిసేపే, అంతా కింది స్వరాల్లోనే. అది వింటూ నేను నా వంతు పాడడం మర్చిపోయాను. తర్వాత ఆయనకు పిలుపులు సగానికి సగం తగ్గాయి, కానీ పోయేదాకా వాయించారు.

ఈ మధ్య నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక గొంతు పైకి లేవడం లేదు. దాచుకుందామనే అనుకున్నాను. కానీ పోయిన వారం రాంబాబు గారితో, "నాకు పైవి రావడం లేదండి. కింది వరస ఇస్తే పాడతాను," అన్నాను. చూద్దామన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. భయంగానే ఉంది. పొద్దున్నే లేచి, వచ్చే స్వరాలు పాడుకుంటున్నాను.