చక్రంలో నడిచే మనుషులు

షికాగో వెళ్లే రైల్లో నా పక్క సీటులోని తెలుగమ్మాయి లాప్‌టాప్‌లో పాతకాలపు క్రేన్‌ను కదిలే బొమ్మగా మళ్లీ కడుతోంది. పెద్ద చెక్క చక్రం లోపల ఇద్దరు మనుషులు నడుస్తుంటే, తాడు చుట్టుకుని చర్చి గోడ మీదికి రాయి లేస్తోంది.

"ఇదే నీ జాబా?" అన్నాను.

"అవును అంకుల్, మ్యూజియం కోసం."

నేను ఏళ్ల తరబడి కంప్యూటర్‌లో కారు తలుపులు గీస్తున్నాను. కడుపు మండింది. ఒక్క తప్పయినా దొరక్కపోతుందా అని తెర వంకే చూశాను. దొరికింది.

"వెనకవాడి అడుగు తడబడుతోంది, సరిచేసుకో."

ఆమె లాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది. "నేనే అలా చేశా అంకుల్. మార్నింగ్ నుంచి నడుస్తున్నాడు కదా, టైర్డ్ అయిపోయాడు."

దిగేదాకా ఆ అలసిన మనిషినే చూస్తూ కూర్చున్నాను. ఆ తడబాటు నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.