కొండ అవతలి నీళ్లు

మా మేనత్త పోయిన కబురు నాకు కార్డు మీద వచ్చింది. ఈ ఏడే తపాలావారు కొత్తగా పెట్టిన కాలణా కార్డు అది. కవరు లేదు, మడత లేదు. రాసింది దారి పొడుగునా ఎవరైనా చదువుకోవచ్చు. అందుకే ఉదయగిరిలో మా బడి వాకిట్లో దాన్ని నా చేతికి ఇవ్వకముందే తపాలా బంట్రోతు, "ఆత్మకూరులో మీ అత్త పోయిందంటమ్మా. మట్టి కూడా చేసేసినారంట" అన్నాడు. ఆ తర్వాత కార్డు ఇచ్చాడు. నేను చదువుకోవడానికి అందులో తేదీ, సంతకం మిగిలాయి.

అత్త బతికుంటే ఆ కార్డును వెనకా ముందూ తిప్పి చూసి, రాణి తలకాయ తప్ప బొమ్మే లేదు, ఇదేం కార్డని పెదవి విరిచేది. ఆమె దృష్టిలో కార్డు అంటే బొమ్మ కార్డే.

ఆత్మకూరు చుట్టూ ఇరవై ఏళ్లు పాలెం పాలెం తిరిగి బైబిలు వాక్యం చెప్పిన మనిషి ఆమె. సముద్రం మీద నుంచి మిషను దొరసానులకు వచ్చే పెట్టెల్లో, అట్టల మీద అచ్చువేసిన బొమ్మలు, ఫొటోలు అతికించిన కార్డులు ఉండేవి. వాళ్లు చూసి పక్కన పడేసినవి అడిగి తెచ్చుకునేది. అందులోనూ రెండు రకాలే దాచేది: గాజు, చోట్లు. గాజు అంటే రంగు ముక్కలు సీసంతో అతికిన గుడి కిటికీలు, ఎర్రగాజు పూలకూజాలు, గొలుసులకు వేలాడే దీపాలు. చోట్లంటే మంచు కొండలు, పడవలున్న చెరువులు, ఎత్తు నుంచి దూకే నీళ్లు. మనుషుల బొమ్మలు వస్తే పిల్లలకు పంచేసేది. "మనుషులు ఈడా ఉండారు మే, వాళ్లను దాచుకునేదెందుకు" అనేది.

గాజు మీద అంత మోజు ఎందుకో నేను అడగలేదు. పద్దెనిమిదో ఏట ఆమె చేతి గాజులు పగలగొట్టారని మాత్రం తెలుసు. ఆ తర్వాత చాలా ఏళ్లకు క్రీస్తు మతంలోకి వచ్చింది. వచ్చిన ఏడే నన్ను వేలు పట్టుకుని నెల్లూరు దాకా నడిపించి ఆడపిల్లల బడిలో చేర్చింది. మా నాయన వద్దన్నాడు, ఆమె వినలేదు. నేను నాలుగు అక్షరాలు నేర్చి నలుగురికి చెబుతున్నానంటే అది ఆ నడక వల్లే.

కార్డులన్నీ దొరల ఇంటి రేకుడబ్బాలో, మధ్య మధ్య వేపాకు వేసి పెట్టేది. చేతులు కడుక్కోనివాళ్లకు బొమ్మ చూపించేది కాదు. తనైతే కార్డును కొంగు అంచుతో పట్టుకునేది. ముందు గాజు చూపించేది. నీళ్లు ఎప్పుడూ చివరికే. ఎండిన సీమలో దేనికి మనుషులు ముందుకు జరిగి కూర్చుంటారో ఆమెకు బాగా తెలుసు.

చూసిన ప్రతివాళ్లూ అడిగే మొదటి మాట ఒకటే: ఇది ఏ ఊరు? దానికి ఆమె పడమటి కొండల వైపు చెయ్యి చూపి "కొండ అవతల" అనేది. ఒకసారి నేను నీళ్ల కార్డు వెనక ఉన్న ఇంగ్లీషు చదివి, అది అమెరికా దేశంలోదని, ఓడలో నెలల తరబడి పోవాలని చెప్పాను.

"తెలుసు మే. సముద్రం అవతలంటే ఎవురూ చూడరు. కొండ అవతలంటే మనదే అన్నట్టు చూస్తారు. నేనేం అబద్ధం చెప్పలా, రవంత దగ్గరికి జరిపినా."

నాకు నవ్వొచ్చింది. అప్పటికి నాకు నలభై ఏళ్లు. అయినా పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పని పిల్లనని నాకు పేరు. ఆ పేరు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

అనంతసాగరం దగ్గరి పాలెంలో రత్తమ్మ అనే ఆమె ఉండేది. అత్త ఆ పాలేనికి వెళ్తే మొదట వచ్చి కూర్చునేదీ ఆమే, ఎగతాళి చేసేదీ ఆమే. గుడి కిటికీ చూసి, "ఇంత అద్దం పెట్టుకుంటే గొడ్డు కొమ్ము తగిలితే ఏం గావాల పెద్దమ్మా?" అంది. ఆ ఊరి గొడ్లకు మర్యాద తెలుసని అత్త జవాబు చెప్పింది. నీళ్ల కార్డులో గొడుగులు పట్టుకుని నిలబడ్డ దొరసానులను చూసి, ఇన్ని నీళ్లుండి తడవడానికి భయమేమిటని రత్తమ్మ నవ్వింది. వాళ్లిద్దరూ అలా మాట్లాడుకుంటుంటే వాక్యం వినడానికి రానివాళ్లు కూడా వచ్చేవాళ్లు.

తర్వాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. దాన్ని గురించి చదివేవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. పెన్నలో చెలమ తీస్తే ఇసకే వచ్చేది. బడి మూతపడింది కాబట్టి నేనూ అత్త వెంట తిరిగాను. రెండో ఎండాకాలంలో రత్తమ్మ పాలెంలో సగం ఇళ్లు తూర్పుకు కదిలాయి. సముద్రం పక్కన కాలువ తవ్వుతున్నారు, పనికి పోతే తిండి పెడుతున్నారు. రత్తమ్మ మొగుడు కూడా పోదామన్నాడు. నాలుగేళ్ల కూతురితో అయిదు నాళ్ల దారి. ఆ పిల్ల అప్పటికే లేచి నిలబడలేకపోతోంది.

ఆ రోజు పిల్ల కోసం అత్త డబ్బా తెరిచింది. నీళ్ల కార్డు వచ్చినప్పుడు రత్తమ్మ నవ్వలేదు.

"పెద్దమ్మా, ఈ నీళ్లకాడికి ఎన్నాళ్ల దారి?"

అత్త పిల్లను చూసింది. తల్లి పిల్లను ఊరడించడానికి అడుగుతోందనుకుంది. ఇరవై ఏళ్లుగా నోట్లో ఉన్న జవాబే వచ్చింది. "కొండ దాటితే అంతే మే. నాలుగు నాళ్లు."

నేను పక్కనే ఉన్నాను. కార్డు వెనక ఏం రాసి ఉందో అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే చదవడం వచ్చు. నలుగురిలో అత్తను తక్కువ చేయడమెందుకు, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. తర్వాత కూడా చెప్పలేదు. అయిదు కంటే నాలుగు తక్కువని రత్తమ్మ లెక్క వేసుకుంటోందని నాకు తట్టలేదు. వారం తర్వాత మళ్లీ పోతే ఇల్లు ఖాళీ. మొగుడికి నచ్చజెప్పి పడమటికి తీసుకుపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు.

వానలు పడ్డాక అతను ఒక్కడే తిరిగొచ్చాడు. ఆత్మకూరులో అత్త వాకిట్లో నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. పిల్ల ఏడో నాడు పోయిందని, దాని తల్లి తొమ్మిదో నాడని మామూలుగా చెప్పాడు.

"వాళ్లను పూడ్చినాక గూడా రెండు నాళ్లు నడిచినా పెద్దమ్మా. నువ్వు చెప్పింది అబద్ధమో నిజమో చూద్దామని."

అత్త "తప్పు నాది నాయనా" అంది.

"చేజర్లలో రత్తి తల్లికి నేను చెప్పలా. కూతురు నీళ్లకాడ నిలిచిపోయిందన్నా. నిజం నువ్వు చెప్పు" అన్నాడు. కాలువ పనికని తూర్పుకు పోయాడు. మళ్లీ అతన్ని ఎవరూ చూడలేదు.

ఆ నెలలోనే అత్త డబ్బా చంకన పెట్టుకుని బయలుదేరింది. తను కార్డులు చూపించిన ప్రతి పాలేనికీ మళ్లీ పోయింది. గాజు చూపించి, నీళ్లు చూపించి, "ఇది కొండ అవతల లేదు. నేను తప్పు చెప్పినా. ఎవురూ నడిచి పోబాకండి" అనేది. జనానికి అది నచ్చలేదు. "ఇన్నాళ్లు ఉండాదంటివి, ఇప్పుడు లేదంటివి. రేపు దేవుడు గూడా లేడంటావా?" అని ఒకామె మొహం మీదే అడిగింది. మా సంఘం ఉపదేశిగారు పిలిచి, విశ్వాసులు చెదిరిపోతున్నారు, ఆ డబ్బా ఇంట్లో పెట్టమన్నారు. అత్త వినలేదు. మోకాళ్లు వాచినా కొండాపురం దాకా నడిచింది. వినేవాళ్లు తగ్గిపోయారు. చివరికి ఇద్దరు ముగ్గురి ముందు కూర్చుని కూడా చెప్పింది.

ఒక్క చేజర్లకు మాత్రం పోలేదు. దారి చీలే చోట ఆగి వెనక్కి వచ్చేది. ఒకసారి నన్ను పోయి చెప్పమంది. అది నువ్వు చెప్పాల్సింది గదా అత్తా అన్నాను. నేను మాట్లాడాల్సిన చోట మాట్లాడకుండా, ఊరుకోవాల్సిన చోట అన్న మాట అది. ఆమె నొచ్చుకోలేదు. దేవుడు క్షమిస్తాడని నేను ధైర్యం చెప్పబోతే, "ఆయన క్షమిస్తాడు మే, ఆయనకు అలవాటు. నేను అడగాల్సింది ఆ ముసల్దాన్ని" అంది.

కిందటి ఆదివారం ఆత్మకూరులో ఆమె జ్ఞాపకార్థం కూడుకున్నాం. దూరదేశాల అందాలను మన పాలేలకు తెచ్చిన ధన్యురాలన్నారు. నవ్వుతూ నవ్విస్తూ వాక్యం చెప్పిందన్నారు. అన్నీ నిజాలే. కొండ మాట ఒక్కరూ ఎత్తలేదు. రెండేళ్లు ఎండలో ఆమె ఏం చెబుతూ తిరిగిందో ఎవరికీ గుర్తు లేనట్టే ఉంది. పాటలు అయిపోయాక ఉపదేశిగారు నా దగ్గరికి వచ్చి, మన మాసపత్రికకు నాలుగు మంచి మాటలు రాయమన్నారు. అలవాటు కొద్దీ సరేనన్నాను.

మరునాడు చేజర్లకు పోయాను. నీళ్ల కార్డు ఒక్కటే తీసుకున్నాను.

రత్తమ్మ తల్లి ఇంటి ముందు సజ్జలు దంచుతోంది. ఎవరి మేనకోడలినో చెబితే రోకలి పక్కన పెట్టి, ముంతతో నీళ్లు ఇచ్చి, "మా రత్తి ఎట్లుండాదంట?" అని అడిగింది. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. ఆమెకు తెలియదో, తెలుసుకోదలచలేదో నాకు తెలియదు.

నా మామూలు గొంతుతో చెప్పాను. ఆమె చెవి ముందుకు పెట్టింది. "వినపళ్లా మే. గట్టిగా చెప్పు."

మళ్లీ చెప్పాను. వినపడలేదంది. నేను యాభై ఏళ్లలో ఎవరి మీదా గొంతెత్తలేదు. లేచి నిలబడి అరిచి చెప్పాను. ఈ కార్డులో ఉన్నది కొండ అవతల లేదని, నీ కూతురూ మనవరాలూ దారిలోనే పోయారని, మా అత్త తప్పు చెప్పిందని, నేను విని ఊరుకున్నానని. పక్క ఇళ్లవాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు.

ముసలామె నన్ను తిట్టలేదు, కార్డు చూపించమని కూడా అడగలేదు. దంచిన సజ్జలు చేటలోకి ఎత్తుకుని ఇంట్లోకి పోయింది. రత్తమ్మ వెళ్లిన కొండ వైపుకు తీసి ఉన్న తడికను లోపలి నుంచి దగ్గరికి లాగింది. ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. తడిక కింద చెద తిన్న సందులోంచి లోపలి నేల మీద బెత్తెడు వెలుగు పడుతోంది. ఆమె కాళ్లు ఆ వెలుగులో కదలకుండా చాలాసేపు కనిపించాయి.