సంగటి తిన్న గంధం చెట్టు

తొంభైల చివర్లో, అంటే నాకు ఇంకా గొంతు నిండా కోపం ఉన్న రోజుల్లో, రుజువు చూపించనిదే నేను ఏ మాటనూ ఒప్పుకునేవాణ్ణి కాను. డిగ్రీ కొత్తగా పూర్తయింది, ఉద్యోగం లేదు, చర్చావేదికల మీద దెయ్యాలనూ బాబాలనూ చీల్చి చెండాడడమే పని. (ఆ పని ఇప్పటికీ మానలేదు, గొంతు మాత్రం తగ్గింది.) అలాంటి నాకు ఇంట్లోనే ఒక దెయ్యం దొరికింది. చిలమత్తూరు దగ్గర మా చెనిక్కాయ చేని గట్టు మీద తనంతట తానే మొలిచిన చెట్టు అది. ఊరంతా పొడుం గార్డు అని పిలిచే అటవీ శాఖాయన దాన్ని చూసి, గంధమని పుస్తకంలో రాసుకుని, వచ్చే వారం మళ్లీ వస్తానని పోయాడు. సొంత గట్టు మీద మొలిచినా గంధాన్ని ముట్టుకుంటే కేసే. నరికే హక్కు లేదు, కాపలా మాత్రం రైతుది. ఇదెక్కడి న్యాయమని నేను మండిపడ్డాను. నాయన మాత్రం ఆ రోజు నుంచి ఆ గట్టు మీదికి మేకను కూడా పోనివ్వలేదు.

"గంధమని రుజువేది నాయనా? పొడుం పీల్చి పీల్చి చచ్చిన ముక్కు ఆయనది," అన్నాను.

"నీ రుజువులు నీ మీటింగుల్లో పెట్టుకో. దాని జోలికి పోవద్దప్పా," అన్నాడు నాయన.

ఆయన సంతకు పోయిన రోజు వడ్రంగి మామ దగ్గర బరమా అడిగి తెచ్చి, ఛాతీ ఎత్తున మానుకు బొక్క పెట్టాను. రాలిన పొడి తెల్లగా ఉంది, వాసన లేదు. గెలిచానని చెప్పుకుంటూ బరమా తిరిగి ఇవ్వబోతే మామ ముఖం పాలిపోయింది. "గంధం దొంగలు చేసేదీ అదే కదరా. లోపల చేవ పట్టిందా లేదా అని ముందు బొక్క పెట్టి చూస్తారు. నా బరమా మాట ఎత్తినావంటే చూడు."

నా హేతువాదమంతా చెమటై కారింది. చేతికి దొరికిన సంగటి ముద్దతో బొక్క పూడ్చి, పైన మన్ను పూశాను. నాయనకు చెప్పక తప్పలేదు. ఆయన తిట్టలేదు, గట్టు మీద కూలబడి, "పాసుపుస్తకం నా పేరుతో ఉండాది. ఫారెస్టోళ్ల జీపెక్కేది నేనే," అన్నాడు. ఆ వారమంతా రోడ్డు మీద ఏ జీపు చప్పుడైనా ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయేది. నాకైతే చేతిదాకా కూడా వచ్చేది కాదు.

గార్డు వచ్చాడు. వాసన పట్టని ముక్కే కదా అని నేను ధైర్యం తెచ్చుకుంటుండగా, ఆయన కళ్లు కిందికి పోయాయి. నేల మీద నుంచి మాను మీదికి బారుగా చీమలు ఎక్కుతున్నాయి. (సంగటి రుచి చీమలకూ తెలుస్తుందని నాకు తోచలేదు.) ఆయన ఆ బారు వెంటే చూపు నడిపించి, వేలితో మన్ను గీకి, "ఏమప్పా, చెట్టుకు సంగటి పెట్టినారే. పప్పు ఎయ్యలేదా?" అన్నాడు.

నాయన చేతులు జోడించేలోపే, "నేనే సార్, రుజువు కోసం..." అని మొత్తం చెప్పేశాను.

గార్డు పొడుం పీల్చి, బొక్కలో పుల్ల పెట్టి చూశాడు. "దొంగైతే మాను అడుగున పెడతాడు, వాసనుండే చేవ ముందు వచ్చేది ఆడ. ఇంత లేత మానుకు, ఇంత ఎత్తున, ఇంత వంకరగా బొక్క పెట్టేది చదువుకున్నోడే. దీన్ని దొంగతనమంటే దొంగలకే అవమానం. కేసు రాయను గానీ, మళ్లీ బరమా పట్టినావంటే జీపెక్కేది మీ నాయన కాదు, నువ్వు."

నాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నన్ను విడిపించింది నా చేతగానితనమే, అదీ తిరుగులేని రుజువుతో.

మొన్న పొలానికి పోయినప్పుడు చూశాను. మాను లావెక్కింది, బెరడు బొక్కను మూసేసింది, మచ్చ మాత్రం అదే ఎత్తులో ఉంది. నాయన లేడు. గార్డు ఎక్కడున్నాడో తెలియదు. మచ్చకు ముక్కు ఆనించి వాసన చూశాను, ఏమీ రాలేదు. అయినా ఈసారికి గంధమన్న గార్డు మాట నమ్మి వచ్చేశాను.