రెండేళ్ల డిగ్రీ, మూడు రకాల మొలకలు

ఎనభైల చివర్లో సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో నన్ను వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌గా వేశారు. అంటే పాఠం చెప్పే హక్కు లేదు; గాజుసామాను పగిలితే సంజాయిషీ చెప్పే బాధ్యత ఉంది. ఆ ఏడే మా ప్రిన్సిపాల్ గారు ఉద్యోగస్థుల కోసం బీఎస్సీని రెండేళ్లకు కుదించి, ఆదివారాల్లో నడుపుతామని ప్రకటించారు. యూనివర్సిటీ సరేనంది. మొక్కల్ని ఎవరూ అడగలేదు.

చేరాలా వద్దా తేల్చుకోవడానికి మెట్టుగూడ నుంచి సుగుణమ్మ గారు వచ్చారు. మిషన్ స్కూల్లో తాత్కాలిక సైన్సు టీచరు. రెండేళ్లలో డిగ్రీ తెస్తే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి. మా కోర్సులో చేరి ప్రాక్టికల్స్ తప్పినా ఇంటికే.

“ఏం తగ్గించారండీ?” అని అడిగారామె.

“ఏమీ తగ్గించలేదమ్మా, వేగం పెంచాం,” అన్నారు ప్రిన్సిపాల్.

“గింజ మొలకెత్తి ఆకు వేయడానికి వారం పడుతుంది కదండీ. ఒక్క ఆదివారంలో ఎలా చూపిస్తారు?”

ప్రిన్సిపాల్ నా వంక చూశారు. హోదాలో నాకంటే కింద అటెండర్ యాదగిరి ఒక్కడే ఉన్నాడు కాబట్టి నేను అతని వంక చూశాను.

మరుసటి ఆదివారం ఆమె ఎదుటే ప్రదర్శన. పెసలు అన్ని దశల్లోనూ కొనుక్కురమ్మని యాదగిరిని మోండా మార్కెట్‌కు పంపాను. అతను తెచ్చినవి పళ్లాల్లో వరసగా పెట్టాం. సుగుణమ్మ గారు వంగి చూశారు.

“మొదట పెసలండీ. మొలక వచ్చేసరికి శనగలయ్యాయి. ఆకులేసేసరికి మెంతికూర. ఇంకాసేపు ఉంటే ఏమవుతుందో!”

యాదగిరికి రోషమొచ్చింది. “పెసర మొలకలు ఒడిసినయ్ మేడం, మార్కెట్ల దొర్కలే. ఏదైతేంది, మొలక మొలకనే గదా! జెర అడ్జస్ట్ చేసుకోండ్రి.”

“దీన్నే తులనాత్మక పద్ధతి అంటారు,” అన్నారు ప్రిన్సిపాల్.

ఆమె లేచారు. వెళ్లిపోతారనుకున్నాం. అప్లికేషన్ అడిగారు.

“గింజలు నేనే ఇంట్లో మొలకెత్తిస్తానండీ. మీరు చూసి మార్కులేయండి, చాలు.”

అలాగే వారం పొడవునా మొలకలు పెంచి, టిఫిన్ క్యారియర్‌లో గిన్నెకో దశ చొప్పున సర్దుకుని సిటీ బస్సులో వచ్చారు. మొదటిసారి యాదగిరి భోజనమనుకుని మూడో గిన్నెలో ఉప్పు, నిమ్మరసం కలుపుకుని తినేశాడు. ఆ దశ కోసం ఆమె మళ్లీ నానబెట్టాల్సి వచ్చింది. రెండేళ్లకు పాసయ్యారు, పర్మనెంటయ్యారు. ప్రిన్సిపాల్ గారు కాలేజీ కరపత్రంలో ‘గృహ ప్రయోగశాల సౌకర్యం’ అని ఒక వాక్యం చేర్చారు.

కాలేజీ తగ్గించిన ఏడాది పని ఎక్కడికీ పోదు, విద్యార్థి వంటింట్లోకి పోతుంది. తర్వాత లెక్చరర్‌నై అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు, తొందర డిగ్రీ కావాలన్నవాళ్లను ఒకటే అడిగేవాణ్ణి: “మీ ఇంట్లో పెసలు నానబెట్టేదెవరు?” జవాబున్నవాళ్లకు రెండేళ్ల అప్లికేషన్ ఇచ్చాను. లేనివాళ్లకు మూడేళ్లది ఇచ్చాను.