బొగ్గు బండి కడుపు కింద

నా చిన్నప్పుడు పాల్వంచలో మా ఇంటి వెనక నుంచే బొగ్గు వ్యాగన్లు వెళ్ళేవి. వాటి అడుగుభాగాలు చూసి బాగుచేసే ఖలాసీ మా పక్కింటి తాతయ్య. ఏడో తరగతిలో బడి ఎగ్జిబిషన్‌ కోసం చెక్కతో ఒక వ్యాగన్ చేశాను. డబ్బా మూతలు కత్తిరించి చక్రాలు పెట్టాను. పైన ఇటుకరంగు వేశాను. కింద మాత్రం చక్రాలతో సహా అంతా ఒకటే నలుపు పూసి చేతులు దులుపుకున్నాను. గర్వంగా చూపిస్తే, తాతయ్య దాన్ని వెల్లకిలా తిప్పారు.

"ఏడికి పోయొచ్చింది బిడ్డా నీ బండి?"

"బొగ్గు దింపొచ్చింది తాతా."

"అబద్ధం. గిది ఇల్లు దాటలే. కడుపు కింద ఒక్క మరకన్న ఉన్నదా?"

మర్నాడు పొద్దున, ఆగి ఉన్న వ్యాగన్ల ముందు కదపొద్దన్న గుర్తుగా ఎర్రజెండా పాతి ఉండగా, నన్ను పట్టాల పక్కన కూర్చోబెట్టి వాటి కిందికి చూడమన్నారు. నేను పూసిన నలుపు అక్కడెక్కడా లేదు. బ్రేకు దిమ్మల చుట్టూ తుప్పుపొడి, ఇరుసుల దగ్గర నూనె జిడ్డుకు అంటుకున్న బొగ్గుదుమ్ము, చక్రాల వెనక చిమ్మిన ఎర్రమట్టి. చక్రం పట్టాకు ఆనే చోటు మాత్రం వెండిలా మెరుస్తోంది. ఆ సాయంత్రం దీపం మసి, తుప్పు, మట్టి విడివిడిగా జిగురులో కలిపి, గుడ్డముక్కతో ఎక్కడిది అక్కడ అద్దించారు. చక్రాల అంచులకు గరుకు కాగితంతో రుద్దించి రంగు వదలగొట్టించారు.

ఎగ్జిబిషన్ నాడు మా సారు బండిని ఎత్తగానే ఆయన వేళ్ళకు మసి అంటింది.

"ఏందిరా గీ గలీజు? పెద్ద ఆఫీసర్లొస్తున్నరు. జల్దీ కడుక్కరాపో. కడిగితేనే టేబుల్ మీద పెడత."

కుళాయి దగ్గరికి వెళ్ళాను, దాచను. టేబుల్ మీద నా పేరు రాసిన అట్టముక్క ఉంది. నలుగురూ చూసేచోట నా పేరు ఉండటం అదే మొదటిసారి. కుళాయి కూడా తిప్పాను. కానీ ఆ గలీజు కిందే కదా తాతయ్య ఇన్నేళ్ళూ వెల్లకిలా పడుకుని పనిచేసింది! దాన్ని కడిగేస్తే ఆయన్నే గలీజన్నట్టు. కుళాయి కట్టేసి వెనక్కి వచ్చాను.

"కడగను సార్. బొగ్గు బండి గిట్లనే ఉంటది."

"అబ్బో, వచ్చిండు ఇంజనీరు!"

పిల్లలంతా నవ్వారు. సారు నా పేరున్న అట్ట చింపేశారు. బండిని ఒళ్ళో పెట్టుకుని వరండా మెట్ల మీద కూర్చున్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపు ఆగలేదు.

షిఫ్టు దిగి, అవే జిడ్డు బట్టలతో తాతయ్య వచ్చారు. జరిగింది విన్నారు. బండిని మెట్టు మీద నిలబెట్టి, మోకాళ్ళ మీద వంగి, నిజం వ్యాగన్‌ను చూసినట్టే కిందంతా చూశారు. చక్రాలను వేలితో కొట్టి, చెవి ఆనించి చప్పుడు విన్నారు. జేబులోంచి సుద్దముక్క తీసి, బాగున్న వ్యాగన్ల మీద రాసినట్టే పక్కన 'ఫిట్' అని రాశారు.

"ఇగ దీన్ని ఎవడూ ఆపలేడు. పోనియ్యి."

ఆ బడిలో నా చదువు ఎక్కువ కాలం సాగలేదు. నాకొచ్చిన నాలుగు విద్యలూ చూసి, చేసి నేర్చుకున్నవే. ఇప్పుడు ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేటలో మా ఇంట్లో కూర్చుని బొమ్మ వ్యాగన్లు చేస్తున్నాను. కింద రంగుకే వారం పడుతుంది. కొన్న బొమ్మల్లా శుభ్రంగా ఉంచొచ్చుగా, కింద ఎవరు చూస్తారు అంటారు వచ్చినవాళ్ళు. కింద పనిచేసినవాళ్ళు చూస్తారు అంటాను. నచ్చనివాళ్ళు వెళ్ళొచ్చు, నేను మాత్రం కడగను.