సున్నపు తొట్టి మాస్టారు

1976 జూన్ 14, సోమవారం. పొద్దున్నే మొదటి వింత: ఏడేళ్ళుగా మా సైన్సు మాస్టారి గుమ్మం తొక్కని పామర్రు వీధి వీధంతా ఆయన వాకిట్లో నిలబడి ఉంది. తెల్లవారుజామున ఆయన గుండె ఆగిపోయింది. ఎదురింటి మిల్లు ఆసామి కండువాతో కళ్ళొత్తుకుంటూ, "దేవుడిలాంటి మనిషండీ" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

చదివేవాళ్ళు మన్నించాలి. ఈ నాలుగు మాటలు మర్యాదగా రాయడం నాకు చేతకావడం లేదు.

మాస్టారికి ఉన్నది ఒక్క గేదె. దాని పేడ ఒక్కటే అయితే పెరట్లోని గోబర్ గ్యాసు గుంటకు చాలదు. అందుకని మరుగుదొడ్డి గొట్టాన్ని కూడా గుంటలోకే కలిపారు. ఎండుగడ్డి సన్నగా నరికి, సున్నపు నీళ్ళ తొట్టిలో వారం నానబెట్టి, బాగా కడిగి, ఆ తర్వాతే పేడతో కలిపి పోసేవారు. "గడ్డి మొండిదమ్మాయ్. ముందు మెత్తబడనీ, తర్వాత పని అడుగు" అనేవారు. అలా పోస్తే గుంట మీద గ్యాసు నిండే ఇనప డ్రమ్ము జానెడు ఎక్కువ పైకి లేచేది. రెండు పూటలా నీలి మంట. ఊక పొయ్యి పొగకు, మేం అమ్మగారు అని పిలిచే ఆయన భార్య ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. ఈ పాట్లన్నీ ఆ మంట కోసమే.

కాలేజీ సెలవుల్లో ఆయనకు సాయం చేస్తూ నేను ఉత్సాహం కొద్దీ రెట్టింపు సున్నం వేసి, ఆ గడ్డిని కడగకుండా గుంటలో పోశాను. గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు సున్నం ఘాటుకు చచ్చి, పది రోజులు డ్రమ్ము లేవలేదు. అమ్మగారు దగ్గుతూ మళ్ళీ ఊక పొయ్యి ముందు కూర్చున్నారు.

"పుస్తకం చదివావు గానీ గుంటని చదవలేదు. అందులో ఉన్నవి ప్రాణాలే!" అని మాస్టారు కేకలేశారు. మర్నాడు నా చేతికి పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పీలికలు ఇచ్చారు. నానిన గడ్డిలో ముంచితే పీలిక ఎర్రబడిందా, సున్నం ఇంకా ఉన్నట్టే. పసుపు పసుపుగానే ఉండేదాకా గడ్డి కడగాలి.

దండెం మీద ఆరేసిన ఎర్ర పీలికలు చూసి వీధి ఏమందో నేను విన్నాను.

"మాస్టారు చేతబడి చేస్తున్నాడ్రోయ్!"

"పెంటతో వండుకు తినేవాడికి చేతబడొక లెక్కా?" ఈ రెండో మాట మిల్లు ఆసామిదే.

పెళ్ళిళ్ళలో కాళ్ళకు పారాణి పెట్టుకునే ఇళ్ళవాళ్ళకు, పసుపూ సున్నమూ కలిస్తే ఎరుపొస్తుందని తెలియదా! మాస్టారు మాత్రం, "రండి, మా పొయ్యి మీద టీ తాగి తిడుదురు గాని" అని నవ్వేవారు. ఒక్కరూ రాలేదు.

ఇవాళ వచ్చారు. సాయంత్రం మాస్టారిని మట్టి చేసి వచ్చాక, ఆ పొయ్యి మీద కాచిన టీనే తాగారు. ఆసామి గ్లాసు కింద పెట్టి, "అమ్మా, రేపు ఆరింటికి బండితో మట్టి తోలిస్తాను. ఆ గుంట పూడ్చేద్దాం. ఒక్కరే ఉండేవారు, మీకెందుకీ కంపు?" అన్నాడు. ఒక్క రోజు తేడాలో రెండు గుంటలు పూడ్చాలని ఎంత ఆత్రమో!

అమ్మగారు నా వైపు తిరిగి, "నీకు నడపడం వచ్చా?" అని మెల్లగా అడిగారు.

ఒకసారి దాన్ని చంపినదాన్ని. అయినా "వచ్చండీ" అన్నాను.

"అయితే పూడ్చనివ్వకు."

రేపు ఐదింటికే వెళ్తాను. తొట్టిలో గడ్డి కడిగి, పేడతో కలిపి, బిందెలతో పోసి, గుంట గట్టు మీదే కూర్చుంటాను. మట్టి దించాలంటే ముందు నన్ను లేపాలి.